ముగ్గేసిన అరుగు

న్యాయ సహాయం పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. "మీ రోజుల్లో ఎలా ఉండేదండీ?" అని అడుగుతారు. ఎలా ఉండేదేమిటి, ఇరుగ్గా ఉండేది. బెజవాడ కోర్టుల ఆవరణలో వకీళ్ళు విరిగిన కుర్చీలు పడేసుకునే గది ఒకటుండేది. ఉచిత న్యాయ సహాయానికని దాన్ని మాకిచ్చారు. గది ఇచ్చారు గానీ విరిగిన కుర్చీలు తీసుకెళ్ళలేదు. వచ్చినవాళ్ళకి ముందు ఏ కుర్చీకి ఏ కాలు లేదో చెప్పి, ఆ తరవాతే కష్టమేమిటని అడిగేవాళ్ళం.

అది డెబ్బయ్యో దశకం. బీదవాళ్ళకి ప్రభుత్వమే వకీలును చూపించాలన్న మాట అప్పుడప్పుడే గట్టిగా వినిపిస్తోంది. నేను అక్కడ టైపిస్టుని. రోజూ కంకిపాడు నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం మళ్ళీ బస్సులో పోయేదాన్ని. పేరుకి టైపిస్టుని గానీ వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వటం, ఏడిస్తే ఊరుకోబెట్టటం, మధ్యలో తాతల కాలం నాటి తగాదాల్లోకి వెళ్ళిపోతే చెయ్యి పట్టుకుని మళ్ళీ కేసులోకి తీసుకురావటం, అన్నీ నావే.

మాకు ఇద్దరు వకీళ్ళు. పెద్దాయన పొద్దుటి పూట ఫీజులిచ్చే కేసులు చూసుకుని, మిగతా పొద్దంతా మాకు పనిచేసేవారు. కోర్టులో ఆయన గొంతు పక్క బెంచీకి కూడా వినపడేది కాదు. మా గదిలోకి వచ్చాక మాత్రం వరండాలో నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. రెండో ఆయన చిన్న వకీలుగారు, అప్పుడే లా చదువు ముగించి వచ్చిన కుర్రాడు. మనిషి మంచివాడే గానీ క్లయింట్లతో అచ్చం పుస్తకంలా మాట్లాడేవాడు. "సదరు స్థలముపై మీకు స్వాధీనానుభవము ఎప్పటి నుండి కలదు?" అనేవాడు. వాళ్ళు బిక్కమొహం వేసి నా వైపు చూసేవాళ్ళు. "ఎన్నాళ్ళ నుంచి అక్కడుంటున్నారూ అని అడుగుతున్నారండీ" అని నేను చెప్పేదాన్ని. తెలుగు నుంచి తెలుగులోకి అనువాదం చేసి జీతం తీసుకున్నది బహుశా నేనొక్కదాన్నే.

అన్నిటికన్నా కష్టం, ఉచితం అంటే జనం నమ్మకపోవటం. మైలవరం నుంచి వచ్చిన ఒక రైతు, మా పెద్దాయన చెప్పిందంతా ఓపిగ్గా విని, బయటికి వచ్చి, నా చెవి దగ్గర మెల్లిగా అడిగాడు. "బాగానే చెప్పారమ్మా. మరి డబ్బులు తీసుకునే వకీలుగారు ఎక్కడుంటారు?"

అలాంటి రోజుల్లో వచ్చింది ఆవిడ. బందరు వైపు సముద్రపు పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక బెజవాడ వచ్చిన చేపలావిడ. భర్త పోయాడు. నలభై దాటిన మనిషి, మోకాళ్ళు వాచిపోయి కుంటుకుంటూ నడిచేది. వస్తూనే ఆకులో చుట్టిన పొట్లం ఒకటి పెద్దాయన టేబులు మీద, సరిగ్గా ఆయన లా పుస్తకాల మీద పెట్టింది. "కొరమేనండీ, పొద్దున్న బతికే ఉంది" అంది.

పెద్దాయన ఇంట్లో ఉల్లిపాయ కూడా తినరు. ఆయన మొహంలో రంగులు మారాయి గానీ ఆవిడ మనసు నొప్పించలేదు. "మా టైపిస్టమ్మాయికి ఇయ్యమ్మా, ఆ అమ్మాయి నీరసంగా ఉంటోంది" అన్నారు. ఆ సాయంత్రం కంకిపాడు బస్సులో నా పక్క సీటు దారి పొడుగునా ఖాళీగానే ఉంది. పులుసు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

ఇంతకీ ఆవిడ గొడవ ఇది. పటమటలో ఒక పెద్దింటి ప్రహరీ గోడకి ఆనుకుని, రోడ్డు వైపు రాతి అరుగు ఒకటుంది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు గంప నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి చేపలమ్మేది. ఒకసారి ఎండకి సొమ్మసిల్లి ఆ అరుగు మీద పడిపోతే ఆ ఇంటి పెద్దాయన చూసి, "ఇక తిరగమాకు, ఇక్కడే కూర్చుని అమ్ముకో" అన్నాడట. అప్పటి నుంచీ అక్కడే. తాటాకు పందిరి ఒకటి వేసుకుంది. మొద్దు, కత్తిపీట, తక్కెడ, అంతే దుకాణం. ఈ మధ్య ఆ పెద్దాయన కాలం చేశాడు. కొడుకు ఆ రోడ్డు వైపు వరసగా షాపులు కట్టాలనుకున్నాడు. లేవమన్నాడు. ఆవిడ లేవలేదు. దాంతో మనుషుల్ని పెట్టి పీకిస్తానన్నాడు.

"ఇప్పుడు తిరిగి అమ్మటానికి మోకాళ్ళు లేవండీ. బజార్లో కూకుందామంటే అడుగు చోటియ్యరు. అరుగు పోతే నేనూ పోయినట్టే" అందావిడ. ఏడవలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కాయితం ఏమైనా రాసిచ్చాడా ఆ పెద్దాయన?" అని మా పెద్దాయన అడిగారు.

"నోటి మాటేనండీ."

"సాక్ష్యం చెప్పేవాళ్ళు?"

"ఎవరూ లేరండీ."

"ఇన్నేళ్ళుగా కూర్చున్నావు, ఒక్కళ్ళు కూడా లేరా?"

"చుట్టుపక్కలంతా ఆ బాబుగారి చుట్టాలు, అద్దెకున్నోళ్ళూనండీ. నా కోసం ఎవరొత్తారు?" అని తల దించుకుంది. ఆ తల దించుకోవటంలో ఇంకేదో ఉందని నాకనిపించింది గానీ అడగలేదు.

దావా వేశాం. అరుగు మీద నుంచి ఆవిణ్ణి కదిలించకుండా ఉత్తర్వు ఇమ్మని అడిగాం. ఇంటాయన తరఫున ఒక గట్టి వకీలు వచ్చాడు. వాళ్ళ వాదన చాలా సులువుగా ఉంది. అరుగు మాది. దాని మీద ఎవరూ కూర్చోరు. ఈవిడెవరో గంపతో ఆ వీధిన పోతూ ఉంటుంది, అంతకు మించి మాకు తెలియదు. అంతే. జడ్జిగారు రెండు వైపులా విని, ఎవరి మాట నమ్మాలో తేలక, ఒక యువ వకీలును కమిషనరుగా వేశారు. అంటే కోర్టుకి బదులుగా చూసే కళ్ళన్న మాట. వెళ్ళి, చోటు చూసి, చూసింది చూసినట్టు రాసి ఇవ్వాలి.

మా గదిలో పండగైపోయింది. ఇంతకన్నా ఏం కావాలి? పందిరి ఉంది, మొద్దు ఉంది, చేపలున్నాయి, కంపు ఉంది. కమిషనరుకి ముక్కుంటే చాలు, కేసు గెలిచినట్టే అన్నారు పెద్దాయన. ఆవిణ్ణి పిలిచి, "రేపు పొద్దున కోర్టువారి తరఫున కమిషనరు గారు నీ చోటు చూడటానికి వస్తారు. నువ్వు అక్కడే ఉండు" అని చెప్పారు. "అట్టాగేనండీ" అని ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళింది. చేపలమ్మే మనిషికి చేపలు తెచ్చుకో అని ఎవరైనా విడిగా చెబుతారా?

మర్నాడు పెద్దాయనకి వేరే కోర్టులో పనుండి చిన్న వకీలుగారినీ నన్నూ పంపారు. రిక్షాలో పటమట వెళ్ళాం. వీధి మలుపు తిరిగేసరికి చిన్న వకీలుగారు రిక్షా ఆపించేశాడు. "మనం సరైన వీధికే వచ్చామా?" అన్నాడు. అప్పుడు మాత్రం పుస్తకం భాష ఎటు పోయిందో తెలియదు.

అరుగు తళతళలాడిపోతోంది. రాయి కడిగి, పసుపు రాసి, అంచులకి సున్నం పూసి, మధ్యలో ఇంత పెద్ద చుక్కల ముగ్గు. పందిరి లేదు. మొద్దు లేదు, కత్తిపీట లేదు, తక్కెడ లేదు. ఒక్క పొలుసు కూడా లేదు. ఎక్కడి నుంచి తెచ్చిందో ఒక కుర్చీ వేసి, దాని మీద కొత్త తువ్వాలు పరిచింది. ఆవిడ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉంది. గాలిలో సాంబ్రాణి వాసన.

"చేపలేవమ్మా?" అన్నాను.

"ఇయ్యాల తేలేదండీ. పెద్దోరు వత్తన్నారంటే కంపు పెట్టుకుని కూకుంటామా?" అంది. "పందిరి కూడా చిరుగులు పడిందండీ, చూసేవాళ్ళకి బాగుండదని తీసేశా. బాగుందా అమ్మాయిగారూ?"

ఏం చెప్పను? బాగుంది. ఆ వీధిలో అంత అందమైన అరుగు ఇంకోటి లేదు. మునిసిపాలిటీ వాళ్ళు గానీ, శానిటరీ ఇన్‌స్పెక్టరు గానీ వస్తున్నారంటే ఇన్నేళ్ళూ ఆవిడ బతికింది ఇట్లాగే. అంతా కడిగేసి, సామాను దాచేసి, దణ్ణం పెట్టి నిలబడితే వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. కోర్టు ఇంకా పెద్దది కాబట్టి ఇంకా బాగా కడిగింది.

అప్పటికే కమిషనరు గారూ అవతలి వకీలూ వచ్చేశారు. ఇంటాయన ఆనందం పట్టలేక వాళ్ళకి కాఫీలు తెప్పిస్తున్నాడు. అవతలి వకీలు ఒక్కో మాటా ఒత్తి పలుకుతున్నాడు. "రాసుకోండి. అరుగు ఖాళీగా ఉన్నది. పరిశుభ్రంగా ఉన్నది. వ్యాపారం జరుగుతున్న ఆనవాళ్ళు లేవు. ముగ్గు ఉన్నది." కమిషనరు తల వంచుకుని రాసుకుంటున్నాడు. తన అరుగుని మెచ్చుకుంటున్నారని మా ఆవిడ మొహం వెలిగిపోతోంది.

చిన్న వకీలుగారు మా ఫైలు తీసి ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. ఈలోపు ఆవిడ రోజూ గంప దించే వేళయింది. ముందు పిల్లులు వచ్చాయి. గోడల మీద నుంచీ, సందుల్లోంచీ వచ్చి, అరుగు ముందు బుద్ధిగా కూర్చుని ఆవిడ మొహం వైపు చూడటం మొదలుపెట్టాయి. వాటి వెనక గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు వచ్చారు. ముగ్గు చూసి ఆగిపోయారు.

"ఇదేందమ్మా, చేపలు మానేసి వ్రతం గానీ పట్టావా?" అంది ఒకావిడ.

"మా ఇంట్లో చుట్టాలొచ్చారే. రొయ్యలు తెస్తానని నిన్న చెప్పలా నువ్వు?" అని ఇంకొకావిడ నిలదీసింది.

చిన్న వకీలుగారికి ప్రాణం లేచివచ్చింది. "కమిషనరు గారూ, వీళ్ళనడగండి, ఎన్నాళ్ళుగా కొంటున్నారో" అన్నాడు. అవతలి వకీలు తక్కువ తిన్నాడా? "అభ్యంతరం. కమిషనరు చూసింది రాయాలి గానీ విన్నది రాయకూడదు. సాక్ష్యాలు తీసుకునే పని కోర్టుది" అన్నాడు. అది నిజమే. కమిషనరు కూడా నిజమేనన్నాడు. గిన్నెలూ పిల్లులూ చూశాను కాబట్టి రాస్తానన్నాడు. నాలుగు గిన్నెల్ని చూసి కోర్టు నమ్ముతుందా? ఇంటాయన మీసం కింద నవ్వుకుంటూ, గిన్నెలావిడల వైపు ఒక చూపు చూశాడు. వాళ్ళు అతని ఇళ్ళల్లో అద్దెకున్నవాళ్ళే. ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోయారు. పిల్లులు మాత్రం అద్దె కట్టవు కాబట్టి కదల్లేదు.

అప్పుడు ఆ ఇంటి వరండాలో నుంచి ఒక ముసలావిడ దిగి వచ్చింది. ఇంటాయన తల్లి. తెల్లచీర కట్టుకుని, కళ్ళకి జోడు పెట్టుకుని, పొట్టిగా ఉంది. ఇంతసేపూ అంతా వింటూనే ఉందని ఆవిడ నడకలోనే తెలిసింది.

"ఏం నాయనా, విన్నది రాయవా నువ్వు?" అని కమిషనరుని అడిగింది.

"రాయకూడదండీ."

"చూసింది రాస్తావా?"

"రాస్తానండీ."

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు ఇంటాయన.

"వెళ్తానులేరా" అని, ఆవిడ లోపలికి వెళ్ళకుండా ప్రహరీ పక్కన ఉన్న చిన్న గేటు దగ్గరికి నడిచింది. మా చేపలావిడ కంగారుపడిపోయి, "వద్దండీ పెద్దమ్మగారూ, మీరు రావద్దండీ" అంటూ అడ్డం వెళ్ళింది. ముసలావిడ ఆ చెయ్యి పక్కకి తీసేసి గేటు తెరిచింది. "రా నాయనా, చూడు" అంది.

అందరం వెళ్ళాం. ఆ ఇంటి పెరట్లో, నీళ్ళ తొట్టి పక్కన, రేకు కింద అన్నీ వరసగా ఉన్నాయి. మధ్యలో గుంట పడేదాకా అరిగిపోయిన మొద్దు. దాని పగుళ్ళ నిండా ఎండిపోయిన పొలుసులు. కత్తిపీట, తక్కెడ, గంపలు. ఆ పూట పీకిన తాటాకు పందిరి చుట్ట చుట్టి ఉంది. మొద్దు పెట్టి పెట్టి పెరటి గచ్చు మీద గుండ్రంగా నల్లటి మచ్చ పడిపోయింది. ఆ మచ్చని ఒక పూటలో ఎవరూ తయారు చెయ్యలేరు. ఇంటి పెద్దాయన ఉన్న రోజుల నుంచీ, సాయంత్రం అమ్మకం అయిపోగానే ఆవిడ సామాను పెట్టుకునేది ఆ పెరట్లోనేనట. పొద్దున్నే గేటు తీసేది ఈ పెద్దావిడే.

ఇంటాయన మొహం ముడుచుకుపోయింది. "అమ్మా, నేను కోర్టులో ఏం చెప్పానో నీకు తెలుసా?" అన్నాడు మెల్లిగా.

"తెలుసు కాబట్టే వచ్చా. మీ నాన్న ఇచ్చిన మాటరా అది. నువ్వు షాపులు కట్టుకో, నాలుగు కట్టేచోట మూడు కట్టుకో. మీ నాన్న మాట మీద మాత్రం కట్టమాకు" అంది ఆవిడ.

కమిషనరు ఇదేమీ రాయలేదు. విన్నది కదా. మొద్దు మాత్రం నాలుగు వైపులా తిరిగి చూసి రాసుకున్నాడు. వంగి గచ్చు మీద మచ్చని జేబురుమాలుతో రుద్ది మరీ చూశాడు. పోలేదని కూడా రాసుకున్నాడు.

తిరిగి వచ్చేముందు నేను చేపలావిణ్ణి పక్కకి లాగాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. "సాక్ష్యం ఎవరూ లేరన్నావే! ఇంత పెద్ద సాక్ష్యాన్ని ఇంట్లో పెట్టుకుని ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఆవిణ్ణి కోర్టుకీడిస్తే తల్లీ కొడుకూ ఒకింట్లో ఎట్టా ఉంటారండీ?" అంది. "నేను ఇంకో చోటేదో చూసుకుంటా. ఆవిడకి ఇంకో కొడుకు యాడ నుంచొత్తాడు?"

ఇంకో చోటు లేదని మాతో చెప్పిన మనిషే ఈ మాట అంటోంది. పిల్లలూ, అందుకే మీకు చెబుతుంటాను. వచ్చినవాళ్ళు ఏదైనా చెప్పకుండా దాస్తే, ముందు అబద్ధమని అనుకోకండి. ఎవరిని కాపాడుతున్నారో చూడండి. ఇంకోటి కూడా. కోర్టు చూడటానికి వస్తోందంటే కడగవద్దని స్పష్టంగా, గట్టిగా, రెండుసార్లు చెప్పండి.

మా గదికి తిరిగి వచ్చి జరిగింది చెప్పాం. "ముగ్గా?" అని పెద్దాయన అరిచిన అరుపు మెజిస్ట్రేటు కోర్టు దాకా వినపడి ఉంటుంది. చిన్న వకీలుగారు మొద్దు సంగతి చెప్పేదాకా ఆయన కూర్చోలేదు. కూర్చున్నాక మూడుకాళ్ళ కుర్చీ అని గుర్తొచ్చింది. ఇద్దరం పట్టుకుని లేపాం. లేస్తూ కూడా నవ్వుతూనే ఉన్నారు.

వాదన రోజున అవతలి వకీలు ముగ్గు పట్టుకుని వదల్లేదు. ఖాళీ అరుగు, శుభ్రమైన అరుగు అని చాలాసేపు చెప్పాడు. పెరట్లో సామాను ఏదో దయ తలిచి పెట్టుకోనిచ్చిందే తప్ప, దానికీ అరుగుకీ సంబంధం లేదన్నాడు. మా పెద్దాయన లేచి, ఎప్పటి లాగే ఎవరికీ వినపడని గొంతుతో మొదలుపెట్టారు. జడ్జిగారు ముందుకు వంగి వినాల్సి వచ్చింది. "ఎవరో తెలియదన్న మనిషి మొద్దు తమ పెరట్లో మచ్చ పడేదాకా ఎందుకుందో వారు సెలవివ్వాలి. ఎవరూ కూర్చోని అరుగు ముందు పిల్లులు ఎవరి కోసం కాచుకుని కూర్చున్నాయో కూడా సెలవివ్వాలి" అన్నారు. జడ్జిగారు పెదవి కొరుక్కుంటూ కమిషనరు రిపోర్టులో ఆ పేజీ మళ్ళీ తిరగేశారు. గచ్చు మీద మచ్చ గురించి రాసిన చోట చాలాసేపు ఆగారు.

ఉత్తర్వు మాకే వచ్చింది. దావా తేలేదాకా ఆవిణ్ణి అక్కడి నుంచి కదిలించకూడదన్నారు. ఆ తరవాత అసలు దావా కూడా రాజీ అయిపోయింది. ఇంటాయన షాపుల వరస అరుగుకి ఇవతలే ఆపేశాడు. వాళ్ళమ్మ ఆ ఇంట్లోనే ఉంది, ఆ గేటు ఆవిడే తీసేది. కొడుకు కొన్నాళ్ళు మాట్లాడలేదట గానీ, వాళ్ళమ్మ కూర ఎలా ఉందని అడిగేంతవరకే ఆ పంతం నిలబడిందని మా చేపలావిడే నవ్వుతూ చెప్పింది.

కానీ నేను చెప్పాలనుకున్నది ఉత్తర్వు వచ్చిన రోజు సాయంత్రం సంగతి. కోర్టులో విషయం చెప్పగానే ఆవిడ, "అంటే నన్నెవరూ లెగమనరా అండీ?" అని పెద్దాయన్ని అడిగింది. "అనరు" అన్నారాయన. మళ్ళీ చిన్న వకీలుగారిని అడిగింది. "ఎవరూ లేవమనరమ్మా, హాయిగా కూర్చో" అన్నాడాయన, మామూలు తెలుగులో. మళ్ళీ నన్నూ అడిగింది. చెప్పాను. దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం నా కంకిపాడు బస్సు పటమటలో ఆగింది. కిటికీలోంచి చూస్తే ఆ వీధి మొదట్లో అరుగు కనిపించింది. ఆవిడ దాని మీద కూర్చుని ఉంది. ఎందుకో ఆగలేక బస్సు దిగేశాను. దగ్గరికి వెళ్ళి చూస్తే గంప లేదు, మొద్దు లేదు, కత్తిపీట లేదు. కాళ్ళు చాపుకుని, వీపు గోడకి ఆనించి, వచ్చేపోయేవాళ్ళని చూస్తోంది.

"ఇదేమిటి, మళ్ళీ చేపలు తేలేదా?" అన్నాను.

"లేదండీ అమ్మాయిగారూ" అంది. లేచి నిలబడబోయి, మళ్ళీ ఏదో అనుకుని, లేవలేదు. "ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా దీని మీద ఊరికే కూకోలేదండీ. ఎవరు లెగమంటారోనని సగం కూకునేదాన్ని. ఇయ్యాల పూర్తిగా కూకుందామని వచ్చా."